నిలబడి అందుకున్న ఎత్తు

ఇంకా పదకొండు మంది ఉన్నారు. మా అమ్మాయి చరిత వీపు మీద అంటించిన అంకె ముప్పై ఒకటి, ఇప్పుడు స్తంభం కింద నిలబడ్డ పిల్లది ఇరవై, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు వేసుకున్నా ఇరవై రెండు నిమిషాలు, లెక్కలు నాకెప్పుడూ తప్పవు, ఆ సంగతి చెప్పుకుని తిరగడం మాత్రం ఇవాళ్టితో మానెయ్యాలి. ఈ ఎడారి దేశంలో, అల్ వక్రాలో ఈ హాలు ఇంత చల్లగా ఎందుకు పెట్టారో తెలియదు, బయట అక్టోబరు ఎండ సాయంత్రం నాలుగున్నరకి కూడా కారు తలుపు ముట్టుకోనివ్వడం లేదు, ఇక్కడ పై గ్యాలరీలో అద్దం వెనక తల్లిదండ్రులందరం చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాం. కింద మాట్లాడేది వినపడదు, కనపడుతుందంతే. తెల్ల ఇనప స్తంభం, దాని తలకి సెంటీమీటరుకొకటి చొప్పున ప్లాస్టిక్ రేకులు, పిల్ల ఎగిరి కొడితే రేకులు పక్కకి తిరుగుతాయి, ఎక్కడిదాకా తిరిగితే అక్కడిదాకా అందుకున్నట్టు. కానీ దానికంటే ముందు ఇంకోటుంది. ట్యునీషియా కోచ్ మేడం ప్రతి పిల్లనీ ముందు స్తంభం కింద మడమలు నేలకానించి నిలబెట్టి, చెయ్యి పైకెత్తించి, మోచేతి కింద తన అరచెయ్యి పెట్టి బాగా సాగదీసి, నిలబడి ఎంత అందుతుందో రాసుకుంటోంది. ఎగిరి అందుకున్నదాంట్లోంచి అది తీసేస్తే మిగిలేదే జంప్. మూడో తరగతి పిల్లలకొచ్చే తీసివేత.

నలభై వస్తేనే వాలీబాల్ జట్టు శిక్షణకి తీసుకుంటారు. ఫారంలో చరిత జంప్ నలభై ఏడు సెంటీమీటర్లని నా చేతిరాతతో ఉంది, కొలిచినవారు అనే గడిలో అమర్, సర్వేయర్ అని రాశాను, ఎవరూ అడక్కపోయినా ఉద్యోగం రాశాను. చరితకి నిజంగా వచ్చేది ముప్పై ఎనిమిది. ఈ హాల్లో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, ఇంకో అరగంటలో అందరికీ తెలుస్తుంది, చరితకి అందరితో పాటే, అందరి ముందే తెలుస్తుంది. పక్కన కూర్చున్న లెబనీస్ ఆవిడ నా మోకాలు ఊగడం చూసి, కంగారు పడకండి, పిల్లలు బాగా చేస్తారు అంది. నేను నవ్వాను. నా మొహం మీద నాకే అసహ్యం వేసే నవ్వు ఒకటుంది, సైటుకి క్లయింటు వచ్చినప్పుడు పెట్టేది, అదే పెట్టాను.

ఇరవై ఒకటి. పొట్టి పిల్ల, చేతులు వెనక్కి ఊపకుండానే ఎగిరింది, ఎవరూ నేర్పినట్టు లేదు పాపం. చరితకి నేను నేర్పాను. అది మాత్రం నిజం, ఎవరు వచ్చి అడిగినా అది నిజమే. జంప్ అంటే కాళ్ళ బలం ఒక్కటే కాదమ్మా, చివరి ముందు అడుగు పొడుగ్గా వెయ్యాలి, మడమతో దిగాలి, ఆ అడుగులో ఒళ్ళు కిందికి కుంగాలి, చేతులు రెండూ వెనక్కి పోవాలి, చివరి అడుగు పొట్టిగా, టక్కున, పరుగంతా అక్కడ ఆగి పైకి మళ్ళాలి. ఇదంతా నేను పడగ్గదిలో దిండు కింద ఫోను పెట్టుకుని వీడియోల్లో చూసి నేర్చుకున్నదే. పాలిటెక్నిక్‌లో నేను లిఫ్టర్‌ని, భీమవరంలో ఎగరలేనివాడినే లిఫ్టర్‌ని చేసేవాళ్ళు, మూడేళ్ళు బంతి పైకెత్తి ఇచ్చాను, ఒక్క షాటు కొట్టలేదు. చరిత పదమూడేళ్ళకి వాలీబాల్ అన్నప్పుడు నాలో ఏదో లేచి కూర్చుంది. మెట్టు మీంచి దిగి వెంటనే ఎగరడం, దిగేటప్పుడు చప్పుడు రాకుండా మోకాళ్ళు వంచి దిగడం, స్కూలు సంచిలో ఐదు కిలోల బియ్యం ప్యాకెట్టు పెట్టుకుని గుంజీలు, వారానికి మూడు రోజులే, నాలుగో రోజు ఎగిరితే తిడతాను, కాంక్రీటు మీద వద్దని శనివారాలు వక్రా బీచికి తీసుకొచ్చి ఇసకలో ఎగిరించడం. కింద ఫ్లాటువాళ్ళు కంప్లైంటు ఇచ్చినప్పుడు మా ఆవిడ ప్రతిమ నన్నూ పిల్లనీ కలిపి వాయించింది, మీ ఇద్దరికీ ఇల్లు చాలకపోతే ఎడారి ఉందిగా, అక్కడికి పోయి దూకండని. ఆ రోజు ఇద్దరం వంటింటి గుమ్మం దగ్గర తలొంచుకుని నిలబడ్డాం, లోపల నవ్వుకుంటూ. పిల్లతో కలిసి తిట్లు తినడం అంత బాగుంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

గీత జనవరిలో గీశాను. ఐన్ ఖాలిద్‌లో మా బిల్డింగు కింద పార్కింగులో మా కారు పక్కన ఒక పిల్లరుంది, చరితని దానికి ఆనించి నిలబెట్టి, చెయ్యి పైకెత్తమని, వేళ్ళ చివర ఎర్ర మార్కరుతో గీసి, 198 అని, పక్కన తేదీ కూడా వేశాను. ఇది మన బెంచ్‌మార్క్ అన్నాను. అంటే ఏంటి నాన్నా అంది. సైటులో అన్ని ఎత్తులూ ఒక్క గుర్తు నుంచే కొలుస్తామమ్మా, ఆ గుర్తు తప్పయితే దాని మీద కట్టిందంతా తప్పే అన్నాను. నేనే అన్నాను. వేళ్ళకి సుద్ద రాసుకుని ఎగిరింది, రెండొందల ముప్పై దగ్గర తెల్లటి మచ్చ పడింది. ముప్పై రెండు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం పొద్దున సుద్ద, టేపు, పిల్లరు. ముప్పై మూడు, ముప్పై నాలుగు, ముప్పై ఆరు. మిగతా వారమంతా చెవుల్లో ఏవో పెట్టుకుని గదిలో ఉండే పిల్ల శుక్రవారం పొద్దున్నే నన్ను లేపేది.

ఇరవై మూడు. ఇరవై రెండో పిల్లని నేను చూడనేలేదు. ఏప్రిల్లో ఒక సాయంత్రం ప్రతిమ చరిత స్కూలు ప్యాంటు చేతిలో పట్టుకుని వచ్చింది. "జనవరిలో కొన్నదండీ ఇది, చీలమండ పైకి వచ్చేసింది, ఈ పిల్ల ఇలా సాగిపోతోందేంటి?" నేను సరే, కొత్తది కొందాంలే అన్నాను, టీ తాగుతున్నాను, కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది. పిల్ల పెరిగింది. పిల్ల పెరిగితే చెయ్యి కూడా పెరుగుతుంది. గీత పెరగదు. నేను మూడు నెలలుగా పిల్ల పెరగడాన్ని జంప్‌లో కలిపి కొలుస్తున్నాను. ఇరవై ఏళ్ళ సర్వీసులో కుంగిన బెంచ్‌మార్క్ మీంచి లెవెల్ తీసినవాళ్ళని చూసి నవ్వినవాణ్ణి. అప్పటిదాకా అది పొరపాటు, ఒట్టి పొరపాటు, చెప్పుకుంటే ఇంటిల్లిపాదీ నవ్వుకునే పొరపాటు. ఆ శుక్రవారం మార్కరు జేబులో పెట్టుకునే కిందికి దిగాను, మళ్ళీ కొలుద్దామనే దిగాను. లిఫ్టులో చరిత నా చెయ్యి పట్టుకుని, "ఇవాళ ఫార్టీ నాన్నా, చూడు," అంది. ఎగిరింది. పాత గీత నుంచి కొలిస్తే సరిగ్గా నలభై. మార్కరు జేబులోంచి తియ్యలేదు. పిల్ల ఆ పార్కింగంతా పరిగెత్తింది, వాచ్‌మన్‌కి చెప్పింది, ఎవరి కారుకో తగిలి అలారం మోగింది. నేను ఫోటో తీసి తెలుగు వాలీబాల్ గ్రూపులో పెట్టాను, మూడు నెలల్లో ఎనిమిది సెంటీమీటర్లని, కింద యాభై మంది చప్పట్లు. వచ్చే వారం చెప్దామనుకున్నాను. తర్వాతి వారం పరీక్షలు. ఆ తర్వాత రంజాన్ సెలవుల్లో చెప్పవచ్చనుకున్నానా, కాదు, రంజాన్ అప్పటికే అయిపోయింది, చూశారా, మనసులో కూడా సాకులు తేదీలు మార్చుకుని వస్తున్నాయి.

మొన్న ఆగస్టులో సైటులో హన్మాండ్లు స్టాఫు, అదే కొలకర్ర, వంకరగా పట్టుకున్నాడు. నిర్మల్ నుంచి వచ్చినవాడు, పదకొండేళ్ళుగా నా లెవెల్ యంత్రానికి ఎదురుగా అది పట్టుకుని నిలబడేది అతనే. వేలెడంత తేడా వచ్చింది. అందరి ముందూ అరిచాను, నీ వేలెడు తేడాకి రేపు డ్రైనేజీ నీళ్ళు వెనక్కి తంతాయి తెలుసా అని. హన్మాండ్లు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. "తప్పయింది సార్. ఎండకు కండ్లు తిరిగినయ్. మల్ల పడ్త, మల్ల జూడుండ్రి." అంతే, ఒక్క నిమిషం పట్టలేదు అతనికి. నాకు ఏప్రిల్ పోయి అక్టోబరు వచ్చింది, ఇంకా చెప్పలేదు. ఆ రోజు సైటు ఆఫీసు కంటైనరులోకి పోయి ఏసీ కింద కూర్చుంటే చెవులు వేడిగా ఉన్నాయి, ఎండకి అనుకున్నాను, ఎండకే అనుకోవడం మంచిదనుకున్నాను.

ఇరవై ఐదు. మెట్లు దిగి వెళ్ళి చెప్పొచ్చు. ఇప్పుడే, ఇంకా టైముంది, పక్కకి పిలిచి, అమ్మా, నేను సరిగ్గా కొలవలేదు, నీకు ముప్పై ఎనిమిది వస్తుంది, భయపడకు అని. లేచాను. మెట్ల దగ్గర నేపాలీ గార్డు చెయ్యి అడ్డం పెట్టి, "పేరెంట్స్ నై జా సక్తే సార్," అన్నాడు మర్యాదగా. సరే భాయ్ అన్నాను. బతిమాలలేదు, అర్జెంటు అనలేదు, ఒక్క మాట ఎక్కువ అనలేదు. అతను ఆపినందుకు నాకు హాయిగా ఉంది, అంత హాయిగా ఉన్నందుకు మెడ వంగిపోయింది. మెట్ల పక్క గోడ మీద కాగితం అంటించి ఉంది, పేరివ్వనివాళ్ళు కూడా రేపు నాలుగింటికి రావచ్చని. ఆ కాగితం నేను వచ్చేటప్పుడే చూశాను, చూసి మొహం తిప్పుకున్నాను, ఎందుకంటే జీనత్.

జీనత్ సంగతి తలచుకోకుండా ఇరవై ఏడుదాకా వచ్చాను, ఇంక కుదరదు. దస్తగిరి గారి అమ్మాయి, మా బిల్డింగులోనే రెండో అంతస్తు, చరిత క్లాసే. ఆయన ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఎలక్ట్రికల్ ఫోర్‌మన్, నన్ను చూస్తే లిఫ్టు పట్టుకుని ఆపే మనిషి. జూన్ మొదట్లో పిల్లని వెంటబెట్టుకుని కిందికి వచ్చాడు. "సార్, మా పాపకూ కొంచెం చూపిచ్చండి సార్. మీరు సర్వేయరు, మీరు కొలిచినాక ఇంగ దానికి తిరుగుండదు." జీనత్‌కి కొత్తగా గీత గీశాను, 201. అది అసలైన గీత, ఆ రోజున్న ఒంటికి కొలిచింది. జీనత్ ఎగిరితే రెండొందల నలభై ఒకటి దగ్గర మచ్చ పడింది. చరిత ఎగిరినా అదే రెండొందల నలభై ఒకటి, సుద్ద మచ్చలు రెండూ పక్కపక్కనే, ఒకే ఎత్తులో. జీనత్‌కి నలభై అన్నాను, చరితకి నలభై మూడు అన్నాను. జీనత్ వెనక్కి జరిగి, తల పక్కకి వంచి, పిల్లరు వంక చాలాసేపు చూసింది. "అంకుల్, చరిత నాకంటే పొడుగు కదా. మరి తన గీత నా గీత కంటే కింద ఉందేం?"

సుద్ద పొడి నా వేళ్ళ మధ్య ఉంది. పార్కింగులో ఎవరిదో కారు రివర్సు చప్పుడు చేస్తోంది. అప్పుడు చెప్పి ఉంటే ఇద్దరు పిల్లలూ నవ్వేవాళ్ళు, మూడు నిమిషాల్లో కొత్త గీత పడేది, జీనత్‌కి నలభై, చరితకి ముప్పై ఆరు. భుజాల తయారీలో తేడా ఉంటుందమ్మా, కొందరికి చెయ్యి పైకి పూర్తిగా పోదు అన్నాను. పెద్దవాడి గొంతుతో, ఓపికతో, తెలియనివాళ్ళకి చెబుతున్నట్టు. జీనత్ ఓహో అంది. నమ్మింది కూడా. కానీ ప్రతి శుక్రవారం వచ్చి ఆ గీతల కేసి చూసేది, నాలుగు వారాలు చూసి దస్తగిరి గారిని లిఫ్టు దగ్గర పట్టుకుని, అమ్మాయి ఒంట్లో ఆ స్ప్రింగ్ లేదండీ, నాలుగు వారాల్లో ఒక్క సెంటీమీటరే పెరిగింది, ఎండల్లో కష్టపెట్టడం ఎందుకు, చదువు మీద పెట్టించండి అన్నాను. ఆయన నా కోసం ఆపిన లిఫ్టు తలుపు వదిలేశాడు. "సరే సార్. మీరు చెప్తే ఇంగేముంది. మా పిల్లకు నేను చెప్పుకుంటాలే." ఎలా చెప్పుకున్నాడో తెలియదు. తర్వాత జీనత్ నాకు కనపడినప్పుడు సలాం అంకుల్ అని, తల దించుకుని పోయేది. నా కూతురు సంతోషం కోసం అబద్ధమాడానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ, కానీ జీనత్‌ని పంపించింది చరిత కోసం కాదు, నా గీత కేసి చూసే ఆ రెండు కళ్ళు నాకు అక్కర్లేక. పసిపిల్లని, పక్కింటి పిల్లని.

ముప్పై. కింద చరిత లేచి మునికాళ్ళ మీద ఎగురుతూ ఒళ్ళు వేడి చేసుకుంటోంది, నేను చెప్పినట్టే, మరీ ఎక్కువ కాకుండా. అద్దం వైపు తలెత్తింది. నన్ను వెతికి పట్టుకుంది. ఒక చేత్తో నాలుగు వేళ్ళు, తర్వాత రెండు చేతులతో ఏడు వేళ్ళు చూపించి నవ్వింది. నేను బొటనవేలు పైకెత్తాను. ఆ వేలు అలా ఎలా లేచిందో, ఎవరి వేలో. ఇన్ని నెలల్లో అన్నిటికంటే నీచమైన పని బహుశా అదే, ఆ బొటనవేలు.

నిలబడింది. మడమలు నేలకి. మేడం మోచెయ్యి పట్టి పైకి సాగదీసింది. రెండొందల ఏడు. నాకిక్కణ్ణించి వినపడదు, కానీ తెలుసు, పోయిన వారం ఇంట్లో చరిత కర్టెను కొక్కెం సర్దుతుంటే మునివేళ్ళు ఎక్కడిదాకా పోయాయో చూసి, తను పడుకున్నాక టేపు పెట్టి చూశాను, రెండొందల ఏడు. చరిత నాలుగడుగులు వెనక్కి వచ్చింది. పరుగు. చివరి ముందు అడుగు, ఎంత పొడుగ్గా, మడమతో, ఒళ్ళు కుంగింది, చేతులు వెనక్కి పోయి విసురుగా లేచాయి, ఈ హాల్లో ఇప్పటిదాకా ఏ పిల్లా అంత శుభ్రంగా ఎగరలేదు, రేకులు గలగలా తిరిగాయి, నేల మీద మెత్తగా దిగింది. రెండొందల నలభై ఐదు. జనవరిలో ముప్పై రెండు ఎగిరే పిల్ల ముప్పై ఎనిమిది ఎగిరింది. ఆ ఆరు సెంటీమీటర్లు తన సొంతం, ఇసకలో, బియ్యం సంచితో, వాళ్ళమ్మ తిట్లు తింటూ సంపాదించుకుంది. ఆరు చాలా ఎక్కువ, పది నెలలకి ఎవరైనా గర్వపడాల్సినంత, నేను దాని మీద ఇంకో తొమ్మిది దొంగది పేర్చి ఆ ఆరు కనపడకుండా చేశాను. రెండోసారి ఎగిరింది. మళ్ళీ అదే రేకు. పలక మీద మేడం ముప్పై ఎనిమిది అని రాసింది.

చరిత పలక చూసింది. నవ్వుతూనే చెయ్యి అడ్డంగా ఊపింది, తప్పని. మేడం మళ్ళీ చూపించింది. చరిత ఏదో అంటోంది, చేతులతో పిల్లరు గీస్తోంది, గీత గీస్తోంది, ఆ తర్వాత వేలు పైకెత్తి గ్యాలరీ వైపు, నా వైపు చూపించింది. మా నాన్న సర్వేయర్ అంటోందని వినపడకుండానే తెలిసింది. కింద వరసలో పిల్లలందరూ తలలెత్తారు. లెబనీస్ ఆవిడ కూడా నా వైపు తిరిగింది. మేడం చేత్తో రమ్మని పిలిచింది. గార్డు ఈసారి పక్కకి తప్పుకుని దారిచ్చాడు, పద్నాలుగు మెట్లు, లెక్కపెట్టాను, అలవాటు.

"నాన్నా, మేడం టూ నాట్ సెవెన్ అంటున్నారు. మనది వన్ నైంటీ ఎయిట్ కదా. నువ్వు చెప్పు."

దగ్గరగా చూస్తే దాని నుదుటి మీద చెమట, వేళ్ళ మీద సుద్ద. "మేడం కొలిచిందే కరెక్టమ్మా," అన్నాను.

"మరి మనది?"

"అది జనవరిది. నువ్వు పెరిగావు. నేను మళ్ళీ కొలవలేదు."

"మర్చిపోయావా?"

ఎంత మెత్తగా అడిగింది. నాకు దారి చూపిస్తోంది, ఔనంటే చాలు, మర్చిపోయే నాన్నని క్షమించడానికి అప్పుడే సిద్ధమైపోయింది. ఔను అనే మాట నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది.

"లేదమ్మా. ఏప్రిల్ నుంచి నాకు తెలుసు."

ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. పెదవులు కదిలాయి, ఏదో తీసివేసుకుంటోంది, కళ్ళు స్తంభం మీద, పైకి, కిందికి. మేడం ముప్పై రెండో పిల్లని పిలిచి మమ్మల్ని గోడ వైపు జరగమంది. గోడ దగ్గర చరిత అడిగింది, "జీనత్‌ది?"

"తనది అప్పుడే కొలిచింది. నలభై. కరెక్టే."

"అప్పుడు నాది?"

"ముప్పై ఆరు."

"నేను స్కూల్లో అందరికీ చెప్పాను నాన్నా. జీనత్ భుజాలు సరిగ్గా లేవు, అందుకే దానికి రాదు అని. అందరి ముందూ చెప్పాను." సుద్ద వేళ్ళతో నా జేబు వైపు చూపించింది. "దానికి ఫోన్ చెయ్యి."

"ఇంటికెళ్ళాక..."

"రేపు నాలుగింటికి ఇంకో బ్యాచ్ ఉంది, గోడ మీద రాశారు. ఇప్పుడే చెయ్యి. స్పీకర్ పెట్టు."

దస్తగిరి గారి నంబరు వెతుకుతుంటే వేళ్ళు తడిగా ఉండి తెర పట్టుకోలేదు, షర్టుకి తుడుచుకుని మళ్ళీ నొక్కాను. ఒక్క రింగుకే ఎత్తాడు, వెనకాల సైటు చప్పుడు, ఎవరో యల్లా యల్లా అని పనివాళ్ళని తొందరపెడుతున్నారు, ఆయన పక్కకి జరిగినట్టుంది, గొంతు దగ్గరయింది. "సార్, చెప్పండి సార్. నేనే చేద్దామనుకుంటి. పొద్దున్నించీ మా జీనత్ అడగతానే ఉంది. చరిత పాపకు ఎంతొచ్చింది సార్?"

చరిత నా వైపు చూడటం లేదు, ఫోను వైపు చూస్తోంది.

"ముందు జీనత్‌కి ఎంతొచ్చిందో చెప్తాను దస్తగిరి గారూ," అన్నాను. "జూన్‌లో లిఫ్టు దగ్గర నేను మీతో చెప్పింది అబద్ధం."